మోగని డబ్బా

గంగారాం డ్యూటీ ఎక్కగానే చేసే మొదటి పని చూసి ఆసుపత్రిలో అందరూ నవ్వుకునేవారు. చెప్పులు విడిచి, ఆకుపచ్చ బట్టలు తొడుక్కుని, రెండో ఆపరేషన్ థియేటరులోకి వెళ్ళి గోడమీది ఇనుప డబ్బామీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. డబ్బామీద పచ్చ దీపం వెలుగుతూ ఉండేది. దాని కింది బొత్తాం నొక్కితే దీపం ఎర్రబడి, డబ్బా కీ... కీ... అని మొత్తుకునేది. ఆ మొత్తుకోళ్ళు చెవిన పడితేగానీ అతనికి ఊపిరి ఆడేది కాదు.

"పూజ అయిందా గంగారామన్నా? హారతి పళ్ళెం తెమ్మంటవా?" అని థియేటరు సిస్టర్ అనురాధ రోజూ ఆటపట్టించేది. ఆమెది కరీంనగర్. సూరత్‌లో తెలుగు మాట వినిపిస్తే చాలు, నాలుగు మాటలు కలిపేదాకా ఊరుకోదు.

"అయిందమ్మా," అనేవాడు గంగారాం. నవ్వేవాడు కూడా. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది.

నెలకొకసారి చూడాల్సిన డబ్బాను అతను రోజుకు నాలుగుసార్లు చూసేవాడు. సెలవు పెట్టిన రోజు ఇంట్లోంచి ఫోను చేసి, "జర బొత్తాం ఒత్తు బిడ్డా, నాకు ఇనవడాలె" అని సిస్టరును బతిమాలేవాడు. అనురాధకు అది చాదస్తం. అతని భార్య కుమారికి అది దెయ్యం. కుక్కర్ కూత పెట్టినా, వీధిలో ఆటో హారన్ కొట్టినా అన్నం ముందునుంచి లేచి నిలబడే మొగుణ్ని చూసి ఏ ఆడదైనా ఇంకేమనుకుంటుంది? ఆమె ఎవరినో అడిగి తాయెత్తు తెచ్చి మణికట్టుకు దారంతో కట్టింది. ముడి బిగుసుకోగానే గంగారాం కత్తెర వెతికి, ఆ దారాన్ని తెంపి పారేశాడు. కుమారి ఏడ్చింది. ఎందుకు తెంపాడో చెప్పే ధైర్యం అతనికి లేకపోయింది.

చెప్పాలంటే సాంచల దగ్గరనుంచి చెప్పుకురావాలి.

సిరిసిల్ల పక్క ఊరినుంచి పదహారో ఏట తండ్రి వెంట సూరత్ వచ్చాడు గంగారాం. ఉధనాలో సాంచలు నడిపాడు. మరమగ్గాన్ని వాళ్ళు సాంచ అంటారు. పన్నెండేళ్ళు ఆ మోతలో నిలబడి సగం చెవుడు తెచ్చుకున్నాడు. సాంచమీద ప్రతి పడుగు పోగుకూ ఒక సన్నటి ఇనుప రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందపడుతుంది, సాంచ తనంతట తానే ఆగిపోతుంది. మంచి ఏర్పాటే. కానీ మీటరు లెక్కన కూలి దొరికేవాడికి సాంచ ఆగడమంటే ఒళ్ళుమంట. అందుకని పోగు తెగినా రేకు పడకుండా దారం ముక్కతో ఓ ముడి వేసేవారు. బట్టలో ఒక చార పడితే పడనీ, సాంచ మాత్రం ఆగకూడదు. ఆ ముడి వెయ్యడం రానివాణ్ని అక్కడ పనివాడే అనరు. గంగారాం అందులో దిట్ట.

ఆ సాంచల మోటార్లు విప్పి బిగించే కరెంటు పని నేర్చాడు. గుజరాతీలో పెట్టే వైర్‌మ్యాన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కాడు. ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఎలక్ట్రీషియనుగా చేరి, వడోద్‌లో రెండు గదుల ఇల్లు చూసుకుని, సాంచల దుమ్ములోంచి బయటపడ్డానని సంబరపడ్డాడు. చేతికి పట్టిన అలవాటు మాత్రం బయటపడలేదు.

ఇక ఆ డబ్బా సంగతి. మన ఇళ్ళలో కరెంటుకు నేలతో చుట్టరికం ఉంటుంది. తెగిన వైరును తడికాలితో తాకితే కరెంటు మనలోంచి నేలలోకి పోతుంది, మనిషి పోతాడు. ఆపరేషన్ బల్లమీద పడుకున్నవాడు మత్తులో ఉంటాడు, ఒళ్ళు తెరుచుకుని ఉంటుంది, చుట్టూ పది మిషన్లు, కింద సెలైను తడి. చెయ్యి వెనక్కి లాక్కునే తెలివి కూడా అతనికుండదు. అందుకే థియేటరు కరెంటును వేరే ట్రాన్స్‌ఫార్మరు మీదుగా, నేలతో పొత్తు లేకుండా తెస్తారు. ఎక్కడో ఒక వైరు చెడినా వెంటనే ఎవరికీ ఏమీ కాదు, మిషన్లూ ఆగవు. ఆ మొదటి తప్పు జరిగిందని చెప్పడానికే గోడమీది డబ్బా. ఎర్రబడుతుంది, అరుస్తుంది. మొదటి తప్పును పట్టుకోకపోతే, రెండోది జరిగిననాడు కాసేవాడుండడు.

గంగారాం పనిలో చేరిన కొన్నాళ్ళకు రెండో థియేటరు డబ్బా అరవడం మొదలుపెట్టింది. సెలైను వెచ్చబెట్టే పాత పెట్టె ఒకటి చెమ్మపట్టి అప్పుడప్పుడూ తప్పు చూపించేది. పని మధ్యలో కీ కీ అంటుంటే పెద్ద డాక్టరుకు చిరాకు. "ఎ గంగారాం, ఇస్‌కా ముహ్ బంద్ కర్!" అని, దాని నోరు మూయించమని కసిరాడు. ఆ పెట్టెను పక్కన పెట్టాలని గంగారాంకు తెలుసు. కొత్తది అడిగితే ఎప్పుడొస్తుందో తెలియదు. డబ్బా మూత విప్పి, కూత పెట్టే బజరుకు వెళ్ళే వైరును ఊడదీసి, పక్కకు మడిచి దారంతో ముడి వేశాడు. అచ్చం సాంచకు వేసినట్టే. డబ్బా ముందు స్టెరిలైజరు డ్రమ్ములు పెట్టుకున్నారు గనక ఎర్ర దీపం ఎవరి కంటా పడలేదు. నెలనెలా రిజిస్టరులో "బరాబర్" అని తనే రాసి సంతకం పెట్టాడు. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఎనిమిదో నెలలో బక్కయ్య వచ్చాడు.

బక్కయ్యది వడోద్‌లో గంగారాం ఇంటికి రెండిళ్ళ అవతల ఇల్లు. సాంచలమీద గంగారాంకు అన్నలాంటివాడు. వరిబీజం ఆపరేషను. సర్కారు దవాఖానకు పోతానంటే గంగారామే ఆపాడు. "మా దవాఖాన ఉండంగ అటెందుకన్నా? నేనుంట గద," అన్నాడు. ఆ రోజు పొద్దున థియేటరు బయట బల్లమీద ఆకుపచ్చ గౌను వేసుకుని కూర్చున్న బక్కయ్య, "కొత్త చెప్పులురా. ఎవలన్న ఎత్కపోతరు, జర చూస్తుండు," అని నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. అంతే, మళ్ళీ మాట్లాడలేదు.

పదకొండు గంటలకు పిలుపొస్తే గంగారాం పరుగెత్తుకెళ్ళాడు. ప్రాణం తేవడానికని తెచ్చిన మిషన్లన్నీ ప్లగ్గులు పీకకుండానే ఒక మూలన పడున్నాయి. బక్కయ్య మొహంమీద బట్ట కప్పారు. సక్షన్ మిషను ఆగిపోయింది, చూడమన్నారు. డ్రమ్ము జరిపాడు. వెనక డబ్బా ఎర్రగా, నిశ్శబ్దంగా వెలుగుతోంది. అయ్యో దేవుడా అనుకున్నాడు. కానీ చేతులు పని చేశాయి చూడండి! అందరూ బక్కయ్య చుట్టూ ఉండగానే మూత విప్పి, దారం తెంపి, వైరు బిగించి, మూత పెట్టేశాడు. దారం ముక్క జేబులో వేసుకున్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

గుండె ఆగిపోయిందని చెప్పారు డాక్టర్లు. ఎవరూ ఏమీ అడగలేదు. బక్కయ్య భార్య చిన్నవ్వకు ఆ చెప్పులు తీసుకెళ్ళి ఇచ్చినవాడు గంగారామే.

అప్పటినుంచి మూడేళ్ళు ఆ కూత అతని చెవుల్లో ఉండిపోయింది. ఒక్కోరోజు కూత కన్నా కూత లేకపోవడం ఎక్కువ భయపెట్టేది. అంతా నిశ్శబ్దంగా ఉంటే చాలు, ఎక్కడో ఎర్రగా వెలుగుతోందనిపించేది. థియేటరు బయట బల్ల ఖాళీగా ఉన్నా చుట్టుతిరిగి పోయేవాడు. ఒక మధ్యాహ్నం ఆ బల్లమీద ఆకుపచ్చ గౌనులో ఎవరో ముసలాయన తలవంచుకుని తన కాళ్ళవైపు చూసుకుంటూ కనిపిస్తే గంగారాం ఉన్నచోటే ఆగిపోయాడు. తీరా చూస్తే కంటి ఆపరేషనుకు వచ్చిన గుజరాతీ పెద్దాయన. "క్యా హువా భాయ్?" అని ఆయనే అడిగాడు. చెప్పెయ్యాలని వందసార్లు అనుకున్నాడు. చెబితే ఉద్యోగం పోతుంది, జైలంటారేమో, అన్నింటికన్నా ముందు చిన్నవ్వ మొహం చూడాలి.

మూడో ఏడు ఆసుపత్రికి కరెంటు భద్రత చూడ్డానికి నిఖిత అనే కొత్త ఇంజినీరు వచ్చింది. వాళ్ళ నాన్న హజీరా ఫ్యాక్టరీలో మేనేజరు. పిల్ల పుట్టిపెరిగింది సూరత్‌లోనే కాబట్టి మూడు భాషలు కలిపి మాట్లాడేది. డబ్బా మీద చెయ్యి ఆనించిన గంగారాంను చూసి మిగతావాళ్ళలా నవ్వలేదు. "కాకా, మీలాగా చూసేవాళ్ళు నాకు ఏ హాస్పిటల్లో కనబడలేదు. బహుత్ సారు, చాలా మంచి పని!" అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. ఆ పూట అతను భోజనం డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్ళాడు.

పెత్రమాస వచ్చింది. ఆ రోజు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి, ఒక విస్తరిలో పెట్టి, ఆ తర్వాత అయినవాళ్ళను కూర్చోబెట్టి వడ్డిస్తారు. మూడేళ్ళుగా చిన్నవ్వ ముందుగా పిలిచేది గంగారామునే. "మా ఆయన ఆఖరుసారి మాట్లాడింది నీతోనే," అనేది. పోకుంటే అడుగుతుంది. పోతే ముద్ద దిగదు. ఎప్పటిలాగే పోయాడు.

గోడకానించిన బక్కయ్య ఫొటో ముందు విస్తరి పెట్టి ఉంది. మటన్ కూర, గారెలు, పాయసం, చుట్ట. కల్లు సూరత్‌లో ఎక్కడ దొరుకుతుంది, అందుకని గ్లాసులో కూల్‌డ్రింకు పోసింది. గంగారాం చూపు ఎటూ నిలవక ఆ విస్తరిమీదే తిరిగింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని నోరు తెరిచాడు.

"అన్నకు చాయ్ అంటే పానం గద వదినె. పూటకు రెండుసార్లు తాగెటోడు. చాయ్ వెట్టలేదేంది?"

చిన్నవ్వ చేతిలో గరిటె ఆగింది. కుమారి, మిగతావాళ్ళు అప్పటికి తిని వెళ్ళిపోయారు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు.

"నా ఇంట్ల చాయ్ బంద్ అయి మూడేండ్లయింది," అంది.

"ఎందుకు?"

ఆమె నేలమీద చతికిలబడింది.

"గా పొద్దుగాల లేవంగనే చాయ్ చాయ్ అని నా పానం దీసిండు గంగారాం. ఏం వెట్టొద్దన్నరు, నీళ్ళు గూడ ఇయ్యద్దన్నరు. నువ్వు గూడ చెప్పినవ్. నాకు యాదికున్నది. గని మొఖం జూసి పానం ఆగలే. గిలాస నిండ పోసిచ్చిన. బిస్కిట్లు ముంచుకొని తిన్నడు. ఎవలికి చెప్పకు అని నవ్విండు. అంత అయిపోయినంక డాక్టరొచ్చి, కుచ్ ఖాయా పియా థా, ఏమన్న తిన్నడా తాగిండా అని అడిగిండు. లేదన్న. అప్పుడే తెల్సింది నాకు. నేనే సంపుకున్న. నా చేతులతోని నేనే సంపుకున్న నా మొగణ్ని."

గంగారాం చేతిలోని ముద్ద విస్తరిలో జారిపోయింది. మూడేళ్ళుగా ఈ మనిషి ఇది మోస్తోందా? తను రెండిళ్ళ అవతల కూర్చుని తన బరువు ఒక్కటే బరువనుకున్నాడే! సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"వదినె, నీ చాయ్‌తోని గాదు. నా చేతులతోని."

చెప్పాడు. పెట్టె చెమ్మపట్టడం, డాక్టరు కసరడం, వైరు ఊడదీయడం, రిజిస్టరులో రాయడం, ఎర్ర దీపం, జేబులో వేసుకున్న దారం, అన్నీ చెప్పాడు. ఆమెకు కరెంటు సంగతి తెలియదు గానీ ముడి సంగతి తెలుసు. ఆమె కూడా సాంచల ఇంటి మనిషే.

"సాంచకు కట్టెటిది మనిషికి కట్టినవా?" అంది.

ఆమె అతనివైపు జరిగింది.

"అంటె... నా చాయ్‌తోని గాదా? నిజం చెప్పు."

నిజం అతనికేం తెలుసు? ముడివల్ల పోయాడో, చాయ్‌వల్ల పోయాడో, దేవుడికెరుక. డాక్టరు అడిగాడంటే అందులో ఏదో ఉందని అతనికీ తట్టింది. కానీ ఆ మొహం చూస్తూ "తెల్వదు" అనడం అతనివల్ల కాలేదు.

"గాదు వదినె. నేనే."

చిన్నవ్వ లేచింది. అతని ముందున్న విస్తరి, సగం తిన్నది తిన్నట్టే లాగేసింది.

"మూడేండ్ల సంది నా ఇంట్ల తిన్నవ్. ఆయన వక్కన కూసోని తిన్నవ్! లే. పొయ్యి మీ దవాఖానల చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు. ఇగ నా గడప తొక్కకు."

అతను వీధిలోకి వచ్చాక వెనక ఆమె ఏడుపు వినిపించింది. బక్కయ్య పోయిననాడు కూడా ఆమె అంత గట్టిగా ఏడవలేదు. నీళ్ళ కుళాయి దగ్గరివాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

మర్నాడు పొద్దున నిఖిత గదిలో నిలబడి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. పిల్ల మొహం తెల్లబోయింది. కోపం వచ్చింది, ఆపుకోలేదు. "కాకా, మీరా? మీరు?" అని రెండుసార్లు అంది. తర్వాత ల్యాప్‌టాప్ తీసుకుని రెండో థియేటరుకు నడిచింది.

డబ్బాకు జ్ఞాపకం ఉంటుందని గంగారాంకు ఆ రోజే తెలిసింది. నోరు కట్టేసినా అది ఎర్రబడిన ప్రతిసారీ తారీఖూ, గంటా, నిమిషమూ లోపల దాచుకుందట. నిఖిత తారీఖు అడిగితే అతను ఆలోచించకుండా చెప్పాడు. ఆమె రికార్డు గదినుంచి బక్కయ్య ఫైలు తెప్పించి, రెండూ పక్కపక్కన పెట్టుకుంది. డబ్బా గడియారంలో తేడా ఉందేమోనని మళ్ళీ మళ్ళీ సరిచూసింది.

"కాకా, ఇక్కడ కూర్చోండి," అంది. గొంతులో కోపం తగ్గింది. "మత్తు ఇస్తుండగానే పేషెంటుకు వాంతి అయింది, అది ఊపిరితిత్తుల్లోకి పోయింది అని రాశారు. గుండె ఆగింది పది ఇరవైకి. డబ్బా ఎర్రబడింది పది నలభై ఒకటికి. ఆయన్ని బతికించడానికి బయటినుంచి మిషన్లు తెచ్చి పెట్టారు కదా, అప్పుడు. అంతకుముందు ఆ పొద్దున మొత్తం పచ్చే ఉంది. ఆయన మీ వల్ల పోలేదు, సమజ్యా?"

గంగారాంకు ముందు నవ్వొచ్చింది. పిచ్చివాడిలా నవ్వాడు. మూడేళ్ళ రాయి ఛాతీమీదినుంచి దొర్లిపోయినట్టనిపించింది. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే వాంతి అన్న మాట చెవిలో తిరిగింది. గ్లాసు నిండా చాయ్. బిస్కెట్లు. నవ్వు ఆగిపోయింది.

"ఆ ఆంటీకి నేనే ఫోన్ చేసి చెప్తాను. పాపం, మీరే చంపారనుకుంటున్నారు," అంది నిఖిత ఫోను తీస్తూ.

"వద్దు బిడ్డా!" అతను లేచి నిలబడ్డాడు. "నీ కాళ్ళు మొక్కుత. ఆమెకు చెప్పకు. ఎన్నడు చెప్పకు."

"కెమ్ కాకా, ఎందుకు? మీ మీది నింద పోతుంది కదా?"

"నా మీదికెళ్ళి తీస్తే అది పొయ్యి ఇంకొకల మీద వడ్తది."

ఆమెకు అర్థం కాలేదు. అతను విప్పి చెప్పలేదు. కాసేపటికి ఆమె తెరను అతనివైపు తిప్పింది. "ఇంకొకటి మీరు చూడాలి. ఆ ఎనిమిది నెలల్లో ఇది పదకొండుసార్లు ఎర్రబడింది. ఈయన కాకుండా. ప్రతిసారీ బల్లమీద మనిషి ఉన్నాడు. వాళ్ళకేం కాలేదంటే రెండో తప్పు జరగలేదు, అంతే. మీ పనితనం కాదు." ఆ మాటలు నిఖిత కన్నీళ్ళతో అంది.

పదకొండు మంది. గంగారాం పేర్లు అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఉద్యోగం పోయింది. కేసు దాకా పోనివ్వకుండా ఆసుపత్రి వాళ్ళు కాగితంమీద రాయించుకుని పంపేశారు. ఇప్పుడు గంగారాం పాండేసరాలో ఒక దుకాణంలో మోటార్లు చుడుతున్నాడు. కూత చెవుల్లోంచి పోయింది గానీ దాని బదులు మొహాలు పట్టుకున్నాయి. బస్సులో ఎదుటి సీట్లో కూర్చున్న ఆడమనిషి, కూరగాయల బండివాడు, బడిపిల్లను చెయ్యిపట్టుకుని రోడ్డు దాటిస్తున్న తాత, ఎవరిని చూసినా, వీళ్ళు ఆ పదకొండు మందిలో వాళ్ళేమో అనిపిస్తుంది. వాళ్ళకు తెలియదు. వాళ్ళు హాయిగా బేరాలాడుకుంటూ పోతుంటారు. వాళ్ళ వీపులు కనుమరుగయ్యేదాకా నిలబడి చూస్తాడు.

వడోద్ వీధి అతన్ని వెలివేసినంత పని చేసింది. బక్కయ్యను చంపినోడు అని మొహంమీదే అంటారు. "ఒక్క మాటన్న మాట్లాడవేంది నువ్వు? రాయివా?" అని కుమారి నెత్తి కొట్టుకుంటుంది. ఆమెకు కూడా అతను అసలు సంగతి చెప్పలేదు.

ఒకనాడు పనినుంచి వస్తుంటే కుళాయి దగ్గర ఆడవాళ్ళ నవ్వులు వినిపించాయి. మధ్యలో చిన్నవ్వ, బిందె పక్కన పెట్టి, ఎవరి కోడలినో ఎకసెక్కం చేస్తూ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. బక్కయ్య పోయాక ఆమె నవ్వడం వీధి చూడలేదు. ఇంతలో ఆమె కళ్ళు గంగారాం మీద పడ్డాయి. నవ్వు ఆగింది. అతని కాళ్ళ ముందు తుపుక్కున ఉమ్మేసి మొహం తిప్పుకుంది. గంగారాం ఆ ఉమ్ము దాటుకుని, తలవంచుకుని నడిచాడు. నాలుగడుగులు వేశాక వెనక ఆమె మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. అతను ఆగి, అది ఆగిపోయేదాకా విని, ఇంటికి పోయాడు.